పటిక పట్టిన నార: మొక్కల పీచుతో నీటి శుద్ధి

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం ఇది. సభకు రాలేకపోయినవారి కోసం తడబాట్లు తొలగించి, మిగిలినదంతా వక్త మాటల్లోనే ఉంచాము.)

సభకు వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేస్తాను. దాని ఫలితం తేలేసరికి నా ప్రసంగం కూడా చివరికి వస్తుంది. ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులు ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే సీసాలోని నీళ్లు పోశాను. ఆ నీళ్లలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు చాలా కొద్దిగా కలిపి ఉన్నది. ఎడమ గ్లాసులో గోగునార వేస్తున్నాను. తాళ్లు పేనడానికి సంతలో అమ్మే నార అది, కడిగి ఆరబెట్టడం తప్ప దానికి నేను మరేమీ చేయలేదు. కుడి గ్లాసులో వేస్తున్నది కూడా అదే గోగునార, అంతే బరువు, అయితే దీనికి ఇంట్లో దొరికే ఒక వస్తువుతో కొంత సంస్కారం చేశాను. ఆ వస్తువు ఏమిటో కాసేపట్లో చెబుతాను. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు మధ్యమధ్య ఈ చెంచాలతో కలుపుతూ ఉండండి. చేతికి అంటితే రెండు రోజులు పోదు, జాగ్రత్త.

నీళ్లను శుభ్రం చేయడం అనగానే మన మనసుకు తోచేది వడకట్టడం. మన అమ్మమ్మలు బిందె మూతికి పాత చీర ముక్క కట్టి నీళ్లు పోసేవారు. ఆ పని తక్కువది కాదు. రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో పాత చీరను నాలుగు మడతలకు తగ్గకుండా వేసి నీళ్లు వడకట్టడం గ్రామాల్లో నేర్పించి, కలరా కేసులు 48 శాతం తగ్గాయని 2003లో ప్రకటించింది. కొత్త చీర కన్నా పాత చీర మేలు, ఎందుకంటే ఉతికి ఉతికి దారాలు ఉబ్బి, పోగుల మధ్య సందులు చిన్నవవుతాయి. కలరా క్రిమి అంటిపెట్టుకొని బతికే సూక్ష్మమైన నీటి జీవులు ఆ మడతల్లో చిక్కుకుంటాయి. ఇది వడపోత. సందు కన్నా పెద్దదైనది ఆగుతుంది, చిన్నదైనది దాటిపోతుంది.

అయితే ఉప్పు కలిపిన నీళ్లను పట్టుబట్టలో వడకడితే ఉప్పు బట్ట మీద మిగులుతుందా? మిగలదు. ఎన్ని మడతలు వేసినా మిగలదు. నల్లగొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడు, బెంగాలు గొట్టపు బావుల్లోని ఆర్సెనిక్, పాత బ్యాటరీలు కరిగించే చోట నేలలోకి దిగే సీసం, అద్దకం పాకల వెనుక కాలువలో పారే రంగు, ఇవన్నీ నీటిలో కరిగి ఉన్నవి. కరిగినదాన్ని సందుతో ఆపలేము, చేయి పట్టుకొని ఆపాలి. ఈ పట్టుకోవడాన్ని రసాయన శాస్త్రంలో అధిశోషణం అంటారు. స్పాంజి నీళ్లు పీల్చినట్లు లోపలికి పీల్చుకోవడం శోషణ, ఉపరితలం మీద పట్టి నిలుపుకోవడం అధిశోషణం. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఈ రెండవదాని గురించే.

మన పల్లెల్లో చిల్లగింజను సానమీద అరగదీసి బురద నీళ్లలో కలిపేవారు, మీలో పెద్దవారికి గుర్తు ఉంటుంది. కొన్నిచోట్ల ఇండుప గింజ అంటారు. చిల్లగింజ పేరు తలచినంత మాత్రాన నీళ్లు తేటపడవు అని ఒక పాత శ్లోకం కూడా ఉన్నది. ప్రయోగం చేయకుండా పత్రాలు రాసేవారికి నేను ఆ శ్లోకం అప్పుడప్పుడు వినిపిస్తుంటాను. కానీ చిల్లగింజ చేసే పని కూడా వేరు. అది బురద రేణువులను గుంపు చేసి అడుగుకు దించుతుంది, కరిగిన విషాన్ని పట్టదు. కాబట్టి మన పూర్వులలో ఈ అధిశోషణ విద్య తెలిసినవారు ఎవరు అని వెతికితే, నాకు కనిపించేది వైద్యులు కారు, నీళ్ల బావులు తవ్వేవారూ కారు. అద్దకం వారు.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అచ్చు వేసేవారి దగ్గర ఒక పూట కూర్చుని చూడండి. ముందు బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. తరువాత ఎరుపు కావలసిన చోట పటిక కలిపిన జిగురును చెక్క అచ్చుతో అద్దుతారు. అప్పటికి ఆ చోట ఎరుపు రంగు ఏమీ ఉండదు. ఆ తరువాత కాలువలో పారే నీటిలో కడిగి, రంగునిచ్చే వేరు వేసి కాచిన నీళ్లలో బట్టను ఉడికిస్తారు. ఆ వేరు పూర్వం చిరివేరు, తరువాతి కాలంలో మంజిష్ఠ. అప్పుడు ఏమి జరుగుతుంది? పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, తగలని చోట రంగు నిలవదు, కడిగితే పోతుంది. బట్ట అంతా ఒకే నూలు, కాగు అంతా ఒకే రంగు నీళ్లు, మరి ఒక చోట పట్టి ఇంకొక చోట పట్టకపోవడానికి కారణం ఏమిటి? కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం నూలును పట్టుకుంటుంది, టానిన్ పటికలోని అల్యూమినియంను పట్టుకుంటుంది, అల్యూమినియం వేరులోని ఎర్రరంగు అణువును పట్టుకుంటుంది. ఒకరి చేయి ఒకరు పట్టుకున్న వరుస అది. నలుపు కావలసిన చోట పటికకు బదులు తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో పులియబెట్టిన ద్రవాన్ని అద్దుతారు, అక్కడ ఇనుము టానిన్‌తో కలిసి నల్లబడుతుంది.

ఈ పటికను, ఈ ఇనుమును మనసులో ఉంచుకోండి. వాటి దగ్గరికి మళ్లీ వస్తాను. ఇప్పటికి ఒక్క మాట చాలు. నీటిలో కరిగినదాన్ని నారకు పట్టించడం అద్దకం, మనం చేయబోయేది కూడా అదే పని, కాకపోతే అద్దకం వారికి బట్ట ముఖ్యం, మనకు మిగిలిన నీళ్లు ముఖ్యం.

ఇక నార లోపలికి వెళదాం. పత్తి అయినా, గోగు అయినా, జనుము అయినా, అరటి బోదె నుంచి తీసిన నార అయినా, దాని ఎముక వంటిది సెల్యులోజు. 1838లో ఫ్రాన్సులో అన్సెల్మ్ పాయెన్ దీనిని వేరుచేశాడు, ఈ పేరు కూడా ఆయన వాడుకలోకి తెచ్చినదే. గ్లూకోజు అణువులు వేలకొద్దీ వరుసగా గుచ్చిన దండ అది. దండలోని ఒక్కొక్క పూసకు మూడు హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జతలు, ఉంటాయి, అవే నారకు ఉన్న చేతులు. పత్తిలో సుమారు 90 శాతం సెల్యులోజే. గోగు, జనుములలో అది 60 శాతం ప్రాంతంలో ఉండి, మిగిలిన భాగంలో హెమీసెల్యులోజు, కొయ్యకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఉంటాయి. కోనసీమ కొబ్బరి పీచులో లిగ్నిన్ దాదాపు సెల్యులోజుతో సమానంగా ఉంటుంది, అందుకే అది అంత గరుకుగా, అంత గట్టిగా ఉండి త్వరగా కుళ్లదు.

చేతులు ఉన్నాయి సరే, అవి దేనిని పట్టుకోగలవు? నిజం చెప్పాలంటే పెద్దగా దేనినీ పట్టుకోలేవు. హైడ్రాక్సిల్ గుంపుకు నీటి అణువంటేనే ఇష్టం, అందుకే నూలు చొక్కా చెమటను పీలుస్తుంది. సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాలు నీటిలో అయాన్లుగా, అంటే విద్యుదావేశం గల కణాలుగా ఉంటాయి, ఆ అయాన్లకు ధనావేశం ఉంటుంది, వాటిని నిలబెట్టాలంటే నార మీద ఋణావేశం గల గుంపులు కావాలి. ముడి నారలో పెక్టిన్ వంటి పదార్థాల వల్ల అవి కొద్దిగా ఉంటాయి. అందుకే ఎడమ గ్లాసులోని నార కూడా కొంత నీలిరంగును పడుతుంది, మిథిలీన్ బ్లూ అయానుకు కూడా ధనావేశమే కనుక. అయితే ఆ కొద్దిపాటి పట్టు మన అవసరానికి చాలదు. నార చేతికి మరింత పట్టునిచ్చే గుంపులు తగిలించాలి. మార్పు చేసిన నార అని పరిశోధకులు అనేది దీనినే.

కుడి గ్లాసులోని నారకు నేను చేసినది ఏమిటో ఇప్పుడు చెబుతాను. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అని అమ్ముతారు కదా, సిట్రిక్ ఆమ్లం, అదే వాడాను. ముందు నారను పలుచని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, నీళ్లలోకి రంగు దిగడం ఆగేవరకు కడిగాను. తరువాత నిమ్మ ఉప్పు ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద గంటన్నర ఉంచాను. ఆ వేడికి సిట్రిక్ ఆమ్లం ఒక నీటి అణువును పోగొట్టుకొని, సెల్యులోజులోని హైడ్రాక్సిల్‌తో గట్టిగా ముడిపడుతుంది. సిట్రిక్ ఆమ్లానికి మూడు కార్బాక్సిల్ గుంపులు ఉంటాయి, ఆమ్ల గుణమిచ్చేవి, నీటిలో ఋణావేశం పొందేవి అవే. ఒకటి నారకు ముడిపడితే ఇంకా రెండు ఖాళీగా మిగులుతాయి, లోహపు అయాన్లను పట్టేవి ఆ రెండే. వేడి మరీ ఎక్కువైతే ఆ మిగిలిన చేతులు కూడా నారతోనే ముడిపడి పనికిరాకుండా పోతాయి, కాబట్టి ఓవెన్ దగ్గర తొందర పనికిరాదు. ఈ పద్ధతి నేను కనిపెట్టినది కాదు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన న్యూ ఆర్లియన్స్ ప్రయోగశాలలో వేన్ మార్షల్ బృందం సోయా పొట్టును ఇలాగే మార్చి, 1999లో ఫలితాలు ప్రచురించింది. అణువుల సంఖ్యను లెక్కించే మిల్లీమోలు కొలతలో చెప్పాలంటే, మార్చని పొట్టు గ్రాముకు 0.39 మిల్లీమోలుల రాగిని పడితే, మార్చినది 2.44 మిల్లీమోలుల వరకు పట్టింది, అంటే ఆరు రెట్లకు పైగా. బ్రెజిల్‌లో గనుల ఊరైన ఔరో ప్రెటోలోని పరిశోధకులు చెరకు పిప్పికి ఇటువంటి కార్బాక్సిల్ గుంపులనే ఇచ్చే సక్సినిక్ అన్‌హైడ్రైడ్ తగిలించి సీసాన్ని, కాడ్మియంను పట్టించారు. చెరకు పిప్పి మనకు మాత్రం తక్కువా?

ఇక్కడ మా ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో పత్రాలు చదివేవారికి అది పనికివస్తుంది. ఒక విద్యార్థి సంతోషంగా పరిగెత్తుకొని వచ్చి, అరటినార సీసాన్ని 99 శాతం పట్టేసిందని చెప్పాడు. నేను కూడా సంతోషించాను, ఆ సంతోషం ఒక రాత్రి మాత్రమే నిలిచింది. మరునాడు ఆ నీటి పి.హెచ్., అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, చూస్తే 9 దాటి ఉన్నది, మామూలు నీళ్లకు అది 7 దగ్గర ఉంటుంది. కాస్టిక్ సోడాలో నానబెట్టిన నారను అతను సరిగా కడగలేదు. ఆ క్షారానికి సీసం హైడ్రాక్సైడుగా మారి అడుగున పేరుకుపోయింది. నార చేసిన పని అందులో ఎంతో కొంత ఉండవచ్చు, కానీ ఎక్కువ భాగం సోడా చేసిన పనే. మేము నార లేకుండా అదే పి.హెచ్. దగ్గర ఖాళీ పరీక్ష చేసి ఉంటే మొదటి రోజే తెలిసేది. అప్పటి నుంచి ఏ పత్రం చేతికి వచ్చినా నేను ముందుగా వెతికేది పి.హెచ్. పట్టిక, ఆ తరువాత ఖాళీ పరీక్ష. ఆ రెండూ లేకపోతే అందులోని శాతాన్ని నమ్మను.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. ప్రయోగశాలలో మనం స్వేదన జలంలో ఒక్క సీసాన్నే, అదీ లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి నారకు చూపిస్తాము. నార ఆవురావురుమంటూ పట్టుకుంటుంది. అసలు నీళ్లు అలా ఉంటాయా? మన దేశ ప్రమాణం, ఐ.ఎస్. 10500, తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని చెబుతుంది. బోరు నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉన్నదనుకుందాం, అది ప్రమాణానికి పది రెట్లు, చాలా చెడ్డ నీరు. అదే బోరులో కాల్షియం లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉండటం మన దగ్గర సాధారణమే. బరువులను అయాన్ల లెక్కకు మార్చి చూస్తే, ఒక్కొక్క సీసపు అయానుకు ఐదువేలకు పైగా కాల్షియం అయాన్లు ఉంటాయి. ఈ హాలులో ఐదువేల మంది కిక్కిరిసి ఉన్నప్పుడు, తలుపు దగ్గర నిలబడి, ఒకే ఒక్కరి చేయి మాత్రం పట్టుకోమంటే ఎలా ఉంటుంది? మన నార పరిస్థితి అది. అదృష్టవశాత్తు కార్బాక్సిల్ గుంపుకు కాల్షియం కన్నా సీసం మీద మక్కువ ఎక్కువ. అయినా ఐదువేలు ఐదువేలే. సల్ఫర్ గుంపులు తగిలిస్తే ఎంపిక ఇంకా బాగుంటుంది, సీసం, పాదరసం, కాడ్మియం వంటివి సల్ఫర్‌ను వెతుక్కుంటూ వస్తాయి. అయితే అందుకు కార్బన్ డైసల్ఫైడు వాడాలి, రేయాను తయారీలో వాడేది అదే. దాని విషపు ఆవిరి పనివాళ్ల నరాలను ఎంత దెబ్బతీస్తుందో రేయాను మిల్లుల చరిత్ర చదివినవారికి తెలుసు. ఒక విషాన్ని తీయడానికి మరొక విషాన్ని పనివాడి ఊపిరిలోకి పంపే మార్గాన్ని నేను సిఫారసు చేయను.

అందువల్ల ఎవరైనా వచ్చి, మా నార గ్రాముకు ఇన్ని వందల మిల్లీగ్రాములు పడుతుంది అంటే, నేను అడిగే ప్రశ్నలు రెండే. ఎవరి మధ్య నుంచి పట్టింది? పట్టినదాన్ని తరువాత ఏమి చేశారు? మొదటి ప్రశ్న గురించి ఇప్పటిదాకా చెప్పాను. రెండవదానికి జవాబు వెతకకముందు పటిక దగ్గరికి రావాలి.

ఫ్లోరైడు సంగతి తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మన దేశంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు, పళ్లు చెడే ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి మొదట ప్రచురించినదే మన ప్రాంతం నుంచి, 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన పొదిలి, దర్శి ప్రాంతాల ప్రజలను షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పరీక్షించి రాశారు. నల్లగొండలో వంగిన కాళ్లను, బిగిసిన వెన్నులను దేశమంతా ఫోటోలలో చూసింది. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు సహించవచ్చు. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది కాల్షియం ఫ్లోరైడుగా మారి అక్కడే ఆగిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేటు ఎక్కువైన నీళ్లలోనే ఫ్లోరైడు పేరుకుంటుంది. ఇందాక కాల్షియం మనకు అడ్డం అన్నాను, ఇక్కడ అది లేకపోవడమే కష్టానికి మూలం. నీళ్ల సంగతి అంతే, ఒక ఊరి బోరుకు రాసిన మందు ఇంకొక ఊరి బోరుకు పనిచేయదు.

ఫ్లోరైడుకు ఋణావేశం. నిమ్మ ఉప్పు తగిలించిన నార మీద కూడా ఋణావేశమే. మరి ఒకదాన్నొకటి తోసేసుకోవా? తోసేసుకుంటాయి. నేను ఆ కుడి గ్లాసులోని నారను నల్లగొండ నీళ్లలో వేస్తే ఏమీ కాదు. అక్కడ అద్దకం వాడి పటిక కావాలి. నార మీది కార్బాక్సిల్ గుంపులకు ముందుగా అల్యూమినియంను పట్టించాలి, ఆ అల్యూమినియం ఫ్లోరైడును పడుతుంది. కరక్కాయ స్థానంలో నిమ్మ ఉప్పు, ఎర్రరంగు స్థానంలో ఫ్లోరైడు, నడుమ పటిక మాత్రం అదే పటిక. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి, మన జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన నల్లగొండ విధానంలో కూడా వాడేది పటిక, సున్నం, బ్లీచింగు పొడి. కానీ అక్కడ పటికను నీళ్లలోనే కలిపి, గడ్డకట్టి అడుగుకు దిగినదాన్ని మడ్డిగా తీసివేస్తారు. పటిక మోతాదు ఎక్కువ కావాలి, మడ్డి ఎక్కువ వస్తుంది, సరిగా చేయకపోతే శుద్ధి చేసిన నీటిలోనే అల్యూమినియం మిగిలిపోతుంది. అదే పటికను నారకు కట్టేసి ఉంచితే, నీళ్లు నార మధ్య నుంచి నడిచిపోతాయి, పటిక మాత్రం ఉన్నచోట ఉంటుంది. ఉంటుందని ఆశ. నీళ్లు మరీ ఆమ్లంగానో మరీ క్షారంగానో ఉంటే అల్యూమినియం నార నుంచి జారిపోతుంది, నల్లగొండ నీటిలో అధికంగా ఉండే బైకార్బనేటు ఫ్లోరైడుకు పోటీ వస్తుంది. అల్యూమినియంకు బదులు జిర్కోనియం వాడితే పట్టు ఇంకా గట్టిది. జిర్కోనియం ఖనిజం మన ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలోనే ఉన్నది, కానీ దాని ధర పటిక ధర కాదు.

ఒక లెక్క వేద్దాం. ఒక కుటుంబం తాగడానికీ వండుకోవడానికీ రోజుకు 20 లీటర్లు వాడుతుందనుకుందాం. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉంటే, దానిని 1కి దించాలి. అంటే రోజుకు 40 మిల్లీగ్రాముల ఫ్లోరైడు నార మీదికి చేరాలి. ఆ తక్కువ గాఢత దగ్గర మన నార గ్రాముకు 4 మిల్లీగ్రాములు పడుతుందనుకుంటే రోజుకు 10 గ్రాముల నార, ఏడాదికి సుమారు మూడున్నర కిలోలు కావాలి. అది సాధ్యమైన మాట. గ్రాముకు ఒక్క మిల్లీగ్రామే పడితే ఏడాదికి పద్నాలుగున్నర కిలోలు, అప్పుడు ఆలోచించాలి. కాబట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల దగ్గర కొలిచిన సామర్థ్యం ఈ కుటుంబానికి ఏమీ చెప్పదు, 1 మిల్లీగ్రాము దగ్గర కొలిచినదే చెబుతుంది. నల్లగొండకు మిషన్ భగీరథతో నది నీళ్లు వచ్చాయి కదా, ఇక ఇదంతా ఎందుకు అని మీలో ఎవరైనా అడగవచ్చు. నది నీళ్లు చేరిన చోట ఈ నార అక్కరలేదు, ఆ మాట నేనే ముందు చెబుతాను. పైపు చేరని గుడిసె, పొలం దగ్గరి బోరు, సరఫరా ఆగిన వారం, వీటి కోసమే ఈ లెక్క.

ఇనుము సంగతి త్వరగా చెబుతాను. కలంకారీ నలుపు కోసం నారకు ఇనుము పట్టించినట్లే, ఇనుప ఆక్సైడు పట్టించిన నార ఆర్సెనిక్‌ను పడుతుంది. ఆర్సెనిక్‌కు ఇనుము మీద ఉన్న మక్కువ మీద ఇప్పటికే పనులు జరిగాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో తలప్పిల్ ప్రదీప్ బృందం రొయ్యల పెంకుల నుంచి వచ్చే కైటోసాన్‌కు ఇనుప ఆక్సైడును జతచేసి బెంగాలు నీళ్ల కోసం వడపోత సాధనాలు తయారుచేసింది. అది మొక్కల నార కాదు, కానీ సూత్రం అదే.

మందుల కంపెనీల నీళ్లకు ఈ నార పనిచేస్తుందా అని హైదరాబాదు వైపు నుంచి తరచుగా అడుగుతుంటారు. 2007లో స్వీడను పరిశోధకులు పటాన్‌చెరు ప్రాంతంలో శుద్ధి అయి బయటికి వస్తున్న వ్యర్థజలంలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని రాశారు. అటువంటి అణువులకు నార కన్నా కొబ్బరి చిప్ప నుంచి చేసిన ఉత్తేజిత బొగ్గు మేలు, అసలు మేలైనది ఫ్యాక్టరీ గోడ లోపలే ఆపడం. అన్నిటికీ నారే మందు అని చెప్పడానికి నేను రాలేదు.

చమురుకు మాత్రం నార ముందు బొగ్గు నిలవదు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడు, మనుషులు బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యం మీరు టీవీలో చూసే ఉంటారు. బూరుగు దూది పోగు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, పైన సహజమైన మైనపు పూత ఉంటుంది. అందువల్ల అది నీళ్లను దగ్గరికి రానివ్వదు, నూనెను తన బరువుకు అనేక రెట్లు పీల్చి తేలుతూ ఉంటుంది. మన జిల్లేడు దూది కూడా అటువంటిదే. పత్తికి ఈ గుణం తెప్పించాలంటే హైడ్రాక్సిల్ గుంపులకు నీళ్లంటే అంతగా ఇష్టపడని ఎసిటైల్ గుంపులు తగిలించాలి, బూరుగుకు అది పుట్టుకతోనే వచ్చింది. పరుపులు మానేశాక బూరుగు చెట్టును నరకడం తప్ప ఇంకేమీ చేయని ఊళ్లకు ఈ మాట చెప్పండి.

నార మీద నాకు అభిమానం ఎందుకంటే, పొడి అయితే నీళ్లలో కలిపాక మళ్లీ తీయడానికి ఇంకొక వడపోత కావాలి, నారను తాడుగా పేనవచ్చు, చాపగా అల్లవచ్చు, పని అయ్యాక చేత్తో పైకి లాగవచ్చు. పోగు మందం కొన్ని పదుల మైక్రాన్లే కనుక అయాను లోపలికి నడవవలసిన దూరం తక్కువ, అందుకే బజారులో దొరికే రెజిను పూసల కన్నా వేగంగా పడుతుంది. అభిమానం ఉన్నంత మాత్రాన దోషం దాచను. తడిసిన నార కుళ్లుతుంది. సంక్రాంతి సెలవులకు ముందు మేము గోగునార నింపిన గొట్టంలో నీళ్లు ఉంచి, మరచిపోయి ఊళ్లకు వెళ్లిపోయాము. తిరిగి వచ్చి తలుపు తీస్తే, మా శ్రీకాకుళం చెరువులో గోగు కట్టలు ఊరవేసినప్పటి వాసన. నా చిన్ననాటి వాసన అది, నాకు కన్నీళ్లు వచ్చాయి, మిగిలినవారికి వాంతులు వచ్చాయి. నవ్వండి కానీ, ఆ నీళ్లను ఒక ఇంట్లో ఎవరో తాగబోతున్నారని అనుకుని ఆలోచించండి. సీసం తీసివేసి క్రిములను చేర్చిన వడపోత ఎవరికి కావాలి? అందుకని తాగునీటికి నార వాడితే తరచుగా మార్చవలసిందే, చివరలో క్రిములను చంపే ఏర్పాటు ఉండవలసిందే. ఆ ఊరవేత చెరువును పాడుచేస్తుందన్న మాట కూడా మరువరాదు. నీటిని శుభ్రం చేసే నార కోసం ఒక చెరువు నీళ్లు పాడవుతున్నాయంటే, ఆ ఖర్చును కూడా లెక్కలో రాయాలి.

ఇప్పుడు రెండవ ప్రశ్న. పట్టినదాన్ని ఏమి చేశారు? చాలా పత్రాలు ఈ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఒక వాక్యంతో దాటేస్తాయి. నార విషాన్ని నాశనం చేయదు. చేయలేదు. సీసం మూలకం, దానిని ఏ రసాయనమూ మాయం చేయలేదు. నార చేసేది వెయ్యి లీటర్లలో పరుచుకున్నదాన్ని ఒక కిలో నారలోకి కుదించడం. పలుచని ఆమ్లంతో కడిగితే లోహం నారను వదిలి ఒక లీటరు నీటిలోకి దిగుతుంది, నార మళ్లీ పనికివస్తుంది, ప్రతిసారీ కొంత పట్టు తగ్గుతూ. రాగి, నికెల్ అయితే ఆ ఒక లీటరును పూత పూసే కర్మాగారం తిరిగి తీసుకోవచ్చు, అక్కడ అది సరుకు. సీసం, ఆర్సెనిక్ అయితే తీసుకునేవాడు లేడు, అక్కడ అది ప్రమాదకర వ్యర్థం. వాడేసిన నారను పొయ్యిలో వేస్తే ఆర్సెనిక్ పొగలో పోతుంది, పెంటకుప్పలో వేస్తే వానకు మళ్లీ చెరువుకే చేరుతుంది. ఊరికి నార ఇచ్చేవాడు, నెల తరువాత ఆ నారను వెనక్కి తీసుకువెళ్లే బండిని కూడా ఇవ్వాలి. ఆ బండి లేని పథకానికి నేను సలహాదారుగా ఉండనని ఒకచోట చెప్పాను, మళ్లీ పిలవలేదు.

పిల్లలూ, గ్లాసులు పైకి ఎత్తి చూపించండి. ఎడమది ఇంకా నీలంగానే ఉన్నది, కాస్త పలుచబడింది. కుడిది చూడండి, దాదాపు మామూలు నీళ్లలా ఉన్నది, నార మాత్రం నెమలి మెడలా అయింది. ఇప్పుడు ఈ నీలి నారను తీసి, మూడవ గ్లాసులోని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తున్నాను. దగ్గరికి వచ్చి చూడవచ్చు, ముట్టుకోవద్దు. ఒక్క నిమిషం. అదిగో, అడుగు నుంచి నీలి తీగలు లేస్తున్నాయి. పోయిందనుకున్న రంగు ఇదే, ఇందాక ఆ గ్లాసులో ఉన్నదే.

సభ ముగిశాక ఈ మూడు గ్లాసులనూ దయచేసి ఎవరూ వరండాలోని కుళాయి దగ్గర పారబోయవద్దు. మూత ఉన్న సీసా నా సంచిలో ఉన్నది, నేను వెనక్కి తీసుకువెళతాను. ప్రశ్నలు ఉన్నవారు ఆ కుర్చీల వైపు రండి.